రోడ్డుకి వీపు పెట్టిన తిరపతమ్మ హోటలు

కొత్తగట్టు క్యాంపుకి మొదటిసారి వచ్చేవాళ్ళకి ముందే ఒక మాట చెప్పాలండీ. లేకపోతే మీరు పొరపాటు పడతారు. బోధన్ వైపు నుంచి బస్సులో వచ్చి స్టేజీ దగ్గర దిగితే ఎడం చేతి పక్కన ఒక పాత పెంకుటిల్లు కనపడుతుంది. కనపడేది దాని ముందు భాగం కాదు, వెనక భాగం. మసిపట్టిన గోడ, పైన పొగగొట్టం, గోడకి ఆనించి పేర్చిన కట్టెలు, ఎండలో బోర్లించిన గిన్నెలు, మధ్యలో ఒక గుమ్మం. ఇదెవరిదో పెరడులే అనుకుని చాలామంది ముందుకెళ్ళిపోతారు. వెళ్ళి ఆ మూల బేకరీలో ఒక పఫ్ తిని, నీళ్ళు తాగి, క్యాంపులో తిండి ఏమీ బాగోలేదని ఫోన్లో చెప్పుకుంటారు. అలాంటివాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుందండీ. క్షేత్రానికి వచ్చి, ప్రాకారం గోడ చూసి తిరిగి వెళ్ళిపోయినట్టే కదా!

అదే తిరపతమ్మ హోటలు. బోర్డు లేదనుకోకండి, ఉంది. ఇంటికి అవతలి వైపు, కాలువ వైపు ఉంది. పచ్చరంగు మీద తెల్ల అక్షరాలు, ఇంతింత. కాకపోతే అది చదవాలంటే కాలువ అవతల వరిచేలో మోకాల్లోతు నీళ్ళలో నిలబడాలి. కొంగలే చదువుతాయి దాన్ని.

హోటలు రోడ్డుకి వీపు పెట్టి ఎందుకుంది అని అడగనివాళ్ళు ఉండరు. వాస్తు అంటారు కొందరు. కట్టినాయనకి రోడ్డంటే కోపం అంటారు ఇంకొందరు. ఏమీ కాదండీ. తిరపతమ్మగారి మనవరాలు సుగుణ ఇప్పుడు అక్కడ వంట చేస్తోంది. ఆవిడ నోట నేను విన్నదీ, క్యాంపులో పెద్దవాళ్ళు చెప్పిందీ కలిపి చెప్తాను. ఎక్కడన్నా రెండు మాటలుంటే రెండూ చెప్తాను, నాకు తోచింది కలపను.

పూర్వం ఇక్కడ మీరిప్పుడు చూసే చెరుకు లేదు, వరి లేదు. అన్నీ తుమ్మ చెట్లూ, మోదుగ పొదలూ, నల్ల రేగడి. నిజాం సర్కారు రోజులు. నిజాంసాగర్ నీళ్ళు దిగువ భూములకి వదులుతున్న కొత్త. ఆ నీళ్ళ మాట విని కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి జనం రైలెక్కి వచ్చారు. వచ్చి గుడారాలు వేసుకున్నారు. అందుకే ఊళ్ళు కట్టి ఇన్నేళ్ళైనా క్యాంపు అనే పేరు పోలేదు.

ముందు మగవాళ్ళే వచ్చారు. ఆడవాళ్ళనీ పిల్లల్నీ తర్వాత తెచ్చుకుందామని. తుమ్మ మొద్దులు పెళ్ళగించడం వచ్చు, రేగడి దున్నడం వచ్చు, అన్నం వార్చడం మాత్రం ఒక్కడికీ రాదు. అడుగు మాడేది, పైన పలుకుండేది. వాళ్ళలో ఒకాయన ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న ఒక్క ఆవకాయ జాడీతో నలభై రోజులు గడిపాడట. పురాణాల్లో ఋషులు అడవిలో తపస్సు చేశారని చదువుతాం కదా. మా క్యాంపులో జరిగిన మొదటి తపస్సు అది. దానికి ప్రత్యక్షమైన దేవతే మన తిరపతమ్మ.

ఈవిడది గుడివాడ దగ్గర పల్లె. భర్త పున్నయ్య. మంచి మనిషి, నవ్వుతూ ఉంటాడు, కానీ ఒకసారి మనసులో ఒకటి అనుకున్నాడంటే ఇంకెవరు చెప్పినా చెవిన వేసుకోడు. ఉమ్మడి కాపురం. అత్తగారు, ఆవిడ తర్వాత పెద్ద తోడికోడలు. వంటింటి తాళాలు వాళ్ళ బొడ్లోనే. తిరపతమ్మ పదేళ్ళు ఆ ఇంట్లో వండింది. వండిందేగానీ, చిటికెడు ఉప్పు కావాలన్నా అడగాలి. "అక్కా, పప్పులోకి నెయ్యి తీసుకోనా?" అని అడగాలి. అత్తగారు పోయాక కూడా అదే వరస. ఒకరోజు ఇంటికొచ్చిన చుట్టానికి అడక్కుండా రెండో గరిటె పప్పు వేసిందని తోడికోడలు నలుగురిలో గిన్నె లాక్కుందట. అంతే. ఈవిడ కొంగు దులుపుకుని, "ఈ గడప మళ్ళీ తొక్కితే నా పేరు తిరపతమ్మ కాదు" అని బయటికొచ్చేసింది. పున్నయ్య తన వాటా పొలం అన్నకే ఇచ్చేసి, వెనకాలే వచ్చాడు.

ఇక్కడికొచ్చాక క్యాంపు మగవాళ్ళంతా పున్నయ్యని పట్టుకున్నారు. "బావా, నువ్వు దున్నకపోయినా పర్లేదు, మా అక్కయ్య చేత హోటలు పెట్టించు, నీకు పుణ్యముంటుంది" అని. ఆవిడ ఒకటే అడిగింది. "వంటిల్లు నాది. అందులోకి నేను తప్ప ఇంకో మనిషి కాలు పెట్టకూడదు. నువ్వు కూడా." సరేనన్నాడు. ఆ రోజుల్లో ఎవరూ వంటింట్లోకి పరాయివాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదనుకోండి. కానీ ఈవిడది ఆచారం కాదు. పదేళ్ళ తర్వాత దొరికిన చోటు అది.

సరే, ఇల్లు కట్టాలి. ఎటు ముఖం పెట్టి కట్టాలి? అప్పటికి అక్కడ పిల్లకాలువ కోసం రాళ్ళు పాతారు. రోడ్డు కూడా వస్తుందని తెలుసు, ఎటొస్తుందో తెలీదు. పున్నయ్య ఆ రాళ్ళు చూడగానే ముఖం అటు తిప్పి ముగ్గు పోయించాడు. అప్పుడు ఆ కాలువ సర్వేలో గొలుసు లాగే సాయిలు అని పక్కనే ఉన్న ఎల్లాపూర్ మనిషి, బీడీ పీకుతూ వచ్చి నిలబడ్డాడట.

"ఏందన్నా, మొకం అటు వెట్టినవ్? అటు దిక్కు కాల్వ వోతది."

"తెలుసయ్యా. కాలువ ఉంటే గట్టుంటుంది. గట్టుంటే దాని మీద రోడ్డుంటుంది."

"ఎవరు జెప్పిండ్రు నీకు?"

"ఒకరు చెప్పేదేంటి? మా గుడివాడ నుంచి ఎటు పోయినా కాలువ గట్టు మీదే పోవాలి. కాలువ గట్టు మీద కాక రోడ్డు గాల్లో వేస్తారా?"

"గది మీ దిక్కు అన్నా. గీడ రేగడి. వానవడితే గట్టు మీద మనిషే దిగవడ్తడు, బండెట్ల వోతది? సడక్ అగో, ఆ మొరం గడ్డ మీదికెళ్ళి వోతది. నీ ఇంటెన్క."

పున్నయ్య నవ్వి, "నువ్వు గొలుసు పట్టుకోవోయ్, నేను ఇల్లు చూసుకుంటాను" అన్నాడట. డెల్టా మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటండీ అది. పుట్టిన దగ్గర్నుంచి కాలువనీ రోడ్డునీ విడివిడిగా చూసి ఎరగడు పాపం.

హోటలు మొదలైంది. మొదటి ఏడాది వైభోగమే. మగవాళ్ళంతా కాలువ గట్టు దారిన వచ్చి, ముందు అరుగు మీద కూర్చుని తినేవాళ్ళు. కందిపప్పు, గోంగూర, మజ్జిగ పులుసు. ఆ ఆవకాయ ఋషి అయితే మొదటి రోజు అన్నం చూసి ఏడ్చాడట. లేదు, కారానికి కళ్ళనీళ్ళొచ్చాయని ఇంకొకరు చెప్తారు.

రెండో ఏడు ఏమైందంటే, ఇళ్ళు లేచాయి. భార్యలూ పిల్లలూ వచ్చేశారు. ఎవరింట్లో పొయ్యి వాళ్ళింట్లో వెలిగింది. హోటలుకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఇంక దారిన పోయేవాళ్ళే దిక్కు. ఆ వేసవిలో రోడ్డు పడింది. ఎటు పడింది? సాయిలు చెప్పిన చోటే. మొరం గడ్డ మీద, అంటే ఆ ఎర్ర గరుసు మెరక మీద, ఇంటికి సరిగ్గా వెనక. రోజుకి రెండు బస్సులు, బోలెడు బండ్లు. అన్నీ వంటింటి గోడ పక్కనుంచే వెళ్తాయి. ముందు అరుగు మీద పున్నయ్య ఒక్కడే, కాలువలోకి చూస్తూ.

పోనీ జనం చుట్టూ తిరిగి రావచ్చు కదా అంటారేమో. రోడ్డు దిగి అరుగు దాకా అరవై అడుగులు, అంతా రేగడి. వానాకాలం చెప్పు దిగితే చెప్పుండదు, కాలు దిగితే కాలే రాదు. వంటింటి తలుపు తీస్తే నాలుగడుగులు. కానీ ఆ తలుపు తీసేది లేదని ఆవిడ ముందే చెప్పింది.

పైగా ఇంకోటి పుట్టింది. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి మూసిన తలుపూ, పొగా తప్ప ఏమీ కనపడదు కదా. లోపల ఏం చేస్తున్నారో అనుకున్నారు. ఎల్లాపూర్ వాళ్ళు జొన్నరొట్టె తినేవాళ్ళు. అంత తెల్లగా, పువ్వులా విచ్చుకున్న అన్నం వాళ్ళకి కొత్త. ఎవరో అన్నారు, అన్నంలో సోడా కలుపుతారు, అందుకే అలా పొంగుతుందని. ఇంకొకరన్నారు, అది తింటే కడుపుబ్బి నాలుగు రోజులు మనిషి లేవడని. అయిపోయింది. ఊరంతా అదే మాట.

తిరపతమ్మ రోజూ ఇరవైమందికి వండేది. ఇద్దరు తినేవాళ్ళు. మిగతాది గేదెల కుడితిలోకి. వండడం మాత్రం తగ్గించలేదు. ఎందుకమ్మా అంటే, "వచ్చినవాడికి లేదని చెప్పడానికా నేను హోటలు పెట్టింది?" అనేది. కానీ ఎన్నాళ్ళు? శ్రావణమాసం వచ్చేసరికి బియ్యం బస్తా అడుగంటింది. పున్నయ్య ఎల్లాపూర్ లో ఒక బండి మాట్లాడాడు. మర్నాడు పొద్దున గిన్నెలెక్కించుకుని స్టేషనుకి పోవడం, రైలెక్కి మళ్ళీ అన్నగారింటికి పోవడం. అంటే తిరపతమ్మ ఆ గడప తొక్కాలి. మళ్ళీ ఉప్పు అడగాలి.

పాపం పున్నయ్య చివరి ప్రయత్నంగా ఒక ఉపాయం పన్నాడు. క్షేత్రాల కథల్లో దేవుడు కలలోకొచ్చి చెప్తాడు కదా. బండి వచ్చే ముందు రోజు పొద్దున్నే లేచి, ముఖం గంభీరంగా పెట్టి, వంటింటి గుమ్మం బయటే నిలబడి అన్నాడు.

"ఇదిగో, నాకు మా అమ్మ కలలో కనపడింది."

"ఆహా. ఏమంది?"

"వెనక తలుపు తీయించరా, అందరూ వంటింట్లోంచే లోపలికొస్తారు, మీ దశ తిరుగుతుంది అంది. నీ గురించి కూడా అడిగింది. మా తిరపతమ్మ తల్లి బాగుందా అంది."

ఆవిడ గరిటె పక్కన పెట్టి, "ఏమయ్యా, బతికినన్నాళ్ళూ మీ అమ్మ నన్ను 'ఏమేవ్' అనడం తప్ప ఇంకో పిలుపు పిలవలేదు. చచ్చి స్వర్గానికి పోయాక నేర్చుకుందా? నీకు కలలోకొచ్చింది మీ అమ్మ కాదు, నీ ఆకలి. పో, కాళ్ళు కడుక్కుని రా, పెడతాను" అంది.

ఆ కల సంగతి చెప్పి సుగుణ ఇప్పటికీ పడీపడీ నవ్వుతుంది.

ఆ రోజే మధ్యాహ్నం కుండపోత వాన. వర్నిలో వారం అంగడి నుంచి వస్తున్న బస్సు, ముందు వాగు పొంగి ఇక్కడే ఆగిపోయింది. సరిగ్గా వంటింటి వెనక. ఇరవైమంది అంటారు కొందరు, నలభై అంటారు కొందరు. బస్సు పైకప్పు కారుతుంటే అందరూ దిగి ఈ ఇంటి చూరు కింద వరసగా నిలబడ్డారు. వాళ్ళలో సాయిలు ఉన్నాడు. లసుమవ్వ అని ఎల్లాపూర్ పెద్దామె ఉంది, అంగట్లో కొన్న జొన్నపిండి మూట చంకలో పెట్టుకుని.

గోడకి ఇటు పక్క ఇరవైమందికి వండిన అన్నం, పప్పు. అటు పక్క ఆకలితో జనం. మధ్యలో ఒక తలుపు. పున్నయ్య ముందు అరుగు దగ్గర్నుంచి కేకలేశాడు, చుట్టూ తిరిగి రండయ్యా అని. ఒకతను బయల్దేరి, పది అడుగుల్లో మోకాళ్ళ దాకా దిగబడి, ఇద్దరు పట్టి లాగితే బయటపడ్డాడు. చెప్పులు ఇప్పటికీ అందులోనే ఉంటాయి.

లసుమవ్వ ముక్కెగబీల్చి, "వాసన మంచిగొస్తుంది" అంది.

సాయిలు అన్నాడు, "వాసనకేంది అవ్వా. సోడ కలిపిన బువ్వ తినుడు కన్న ఉపాసముండుడు నయ్యం."

ఆ మాట తలుపు సందులోంచి తిన్నగా పొయ్యి దగ్గరకి వెళ్ళింది.

దడాలున తలుపు తెరుచుకుంది. చేతిలో గరిటెతో తిరపతమ్మ. "ఎవడ్రా సోడా అంది?"

అందరూ సాయిలు వైపు చూశారు. చూడక ఏం చేస్తారు!

"రా లోపలికి. రావయ్యా, నిన్నే. ఇదిగో కుండ. నీ చేత్తో నువ్వే మూత తియ్యి. సోడా ఎక్కడుందో చూపించు. చూపించకుండా నా గడప దాటావంటే ఊరుకోను. మీరంతా కూడా రండి, సాక్ష్యం కావాలి నాకు."

దయతో తీసిన తలుపు కాదండీ అది. పచ్చి కోపంతో తీసింది. ఆ సంగతి దాచిపెట్టి ఆవిడ మహాతల్లి, ఆకలి చూసి కరిగిపోయింది అని చెప్పేవాళ్ళున్నారు. సుగుణ ఒప్పుకోదు.

అందరూ బురద కాళ్ళతో లోపలికి పోయారు. సాయిలు మూత తీశాడు. ఆవిరికి వేళ్ళు కాలి ఎగిరి గంతేశాడు. అందరూ నవ్వారు. మెతుకు తీసి నలిపి చూశాడు, వాసన చూశాడు, నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి వేసుకున్నాడు. తర్వాత ఒక పిడికెడు.

"ఏమైంది, సోడా దొరికిందా?" అంది ఆవిడ.

"ఇంకా దొరుకలేదమ్మా. కింద ఉన్నదేమో సూస్త. జర పప్పు వొయ్యి."

ఇక ఆ వంటింటి నిండా జనమే. కూర్చునే చోటు లేదు, నిలబడే తిన్నారు. ఇరవైమంది అన్నం ఎంతసేపు? అయిపోయింది, ఇంకా సగంమంది మిగిలారు. అప్పుడు లసుమవ్వ తన మూట విప్పి పొయ్యి ముందు చతికిలబడింది.

"బిడ్డా, పెనమున్నదా నీ తాన? రొట్టెలు కొడ్త. నీ పప్పు, నా రొట్టె."

అందరూ తిరపతమ్మ ముఖం చూశారు. పొయ్యి ముందు ఇంకో ఆడమనిషి! పున్నయ్య అయితే అటు గుమ్మంలోంచి తొంగి చూశాడు. ఆవిడ గరిటె పక్కన పెట్టి పెనం తీసి ఇచ్చింది.

చప్పట్లు కొడుతున్నట్టు రొట్టెల చప్పుడు. ఇటు ఒకడు, "అమ్మా, ఉప్పేడున్నది?" అటు ఒకడు, "అమ్మా, గీ గరిటె తీస్కోనా?" లసుమవ్వ, "బిడ్డా, ఇంకో కట్టె వెట్టనా?" ఇంకెవరో, "పచ్చడి జాడీ మూత తియ్యమంటవా తల్లీ?"

వాగు తగ్గేసరికి సాయంత్రమైంది. బస్సు వెళ్ళిపోయింది. వంటిల్లంతా బురద పాదాలు. పున్నయ్య భయంభయంగా చీపురు తెచ్చి, "చూశావా, ఎంత పాడుచేశారో" అన్నాడు. ఆవిడ పీట మీద కూర్చుని, లసుమవ్వ వదిలి వెళ్ళిన రొట్టె తుంచుకుని తింటోంది. కళ్ళల్లో నీళ్ళు. నవ్వుతోంది కూడా.

"ఏమైందే?"

"ఏం లేదు. పదేళ్ళు ఆ ఇంట్లో నేను అడిగాను. ఇవ్వాళ ఇంతమంది నన్ను అడిగారు. ఒక్కరన్నా అడక్కుండా ఒక్క మూత తీశారా? నా వంటిల్లు నాకు ఉండాలంటే తలుపు మూసుకోవాలనుకున్నాను. పిచ్చిదాన్ని."

మర్నాడు పొద్దున ఎల్లాపూర్ బండి వచ్చింది. బండాయన గిన్నెలు ఎక్కడున్నాయమ్మా అని వెనక గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పొయ్యి మీద ఉన్నాయి, అంది తిరపతమ్మ. ఆయన తినేసి ఖాళీ బండితో వెళ్ళిపోయాడు. పోయేలోపల ఆయన చేతే వంటింటి తలుపు రెక్కలు ఊడదీయించింది. ఆ రెక్కల్ని జోడించి, కింద రెండు మొద్దులు పెట్టి, పొయ్యి పక్కన బల్ల చేయించింది. మూతల బల్ల అంటారు దాన్ని. ఇప్పటికీ అదే ఉంది. నల్లగా, నున్నగా, చేయి పెడితే అద్దంలా ఉంటుంది.

ఆ వారమే సాయిలు ఎల్లాపూర్ నుంచి పదిమందిని వెంటబెట్టుకొచ్చాడు. సోడా మాట పుట్టించింది తను కాదని చచ్చేదాకా ఒట్లేశాడు. కానీ బతికినన్నాళ్ళూ అక్కడే తిన్నాడు. పున్నయ్య ఇల్లు ఇటు తిప్పి కడదామంటే ఆవిడే వద్దంది. ముందు తలుపునుంచి వచ్చేవాడు వడ్డించింది తింటాడు, వంటింట్లోంచి వచ్చేవాడు తెలిసి తింటాడు, ఇలాగే ఉండనియ్యి అందట.

కాబట్టి మీరు వెళ్ళినప్పుడు ఇలా చెయ్యాలి. బస్సు దిగి, మొహమాటపడకుండా ఆ వెనక గుమ్మంలోంచే లోపలికి వెళ్ళండి. బయట కుండ దగ్గర కాళ్ళు కడుక్కోండి. పొయ్యి దగ్గర ఉన్నావిడని, "అమ్మా, మూత తియ్యమంటారా?" అని అడగండి. వయసులో మీకంటే చిన్నదైనా సరే, అమ్మా అనే అడగాలి. ఆమె తియ్యండి అన్నాకే తియ్యాలి. తీసిన మూత బల్ల మీద పెట్టండి, అన్నీ చూసుకోండి, ఏం కావాలో చెప్పండి. అన్నంతో పాటు ఒక జొన్నరొట్టె అందరికీ వేస్తారు, వద్దనకూడదు. వెళ్ళేటప్పుడు మీరు తీసిన మూత మీరే పెట్టి వెళ్ళాలి. ఒకసారి పెద్ద ఆఫీసరెవరో అడక్కుండా మూత తీస్తే సుగుణ, "మూత పెట్టేసి మళ్ళీ మొదట్నుంచి రండి సార్" అందట. పాపం, బయటికెళ్ళి కాళ్ళు కడుక్కుని మళ్ళీ వచ్చాడాయన.

మహిమ గురించి కూడా చెప్పాలి. మా వైపు పెళ్ళైన మూడో రోజు అత్తగారు కొత్తకోడల్ని ఇక్కడికే తీసుకొస్తుంది. క్యాంపు వాళ్ళూ అంతే, ఎల్లాపూర్ వాళ్ళూ అంతే. ఆ రోజు మూత తియ్యమంటావా అని కోడలు అడగదు. అత్తగారు అడగాలి, కోడల్ని. కోడలు తియ్యండత్తయ్యా అనాలి. మొదటి ముద్ద ఇద్దరూ ఒకే ఆకులోంచి తినాలి. అలా తిన్న ఇళ్ళలో వంటింటి గొడవలు రావని నమ్మకం.

పోయిన మాఘంలో మా కోడల్ని నేనే తీసుకెళ్ళాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా నా వంటింట్లో నన్ను అడక్కుండా ఎవరూ గరిటె ముట్టుకోలేదు. ఆ కుండ ముందు నిలబడి, ఆ పిల్లని అడగడానికి నాకు నోరు రాలేదండీ, నిజం చెప్తున్నాను. సుగుణ నవ్వుతూ కట్టె ఎగదోస్తోంది, తొందరపెట్టలేదు. చివరికి అడిగాను. "తియ్యండత్తయ్యా, ఆకలేస్తోంది" అంది మా పిల్ల. తీశాను. ఆవిరి ఇద్దరి ముఖాలకీ ఒకేసారి కొట్టింది.